శిబి త్రాసులో గులాబీ పావురం

శిబి చక్రవర్తి కథ వినని తెలుగు బిడ్డ అరుదు. డేగ తరుముకు రాగా ఒక పావురం ప్రాణభీతితో వచ్చి రాజు ఒడిలో వాలింది. శరణు జొచ్చినదాన్ని విడువరాదు. ఆకలిగొన్న డేగ నోటి కూడు తీయరాదు. ఆ పావురం ఎంత తూగితే అంత మాంసం తన దేహం నుంచే ఇస్తానని రాజు త్రాసు తెప్పించాడు. ఎంత కోసి వేసినా పావురమున్న తట్ట పైకి లేవలేదు. చివరకు ఆయన తానే తట్టలో కూర్చోవలసి వచ్చింది. ఈ కథ విన్నవారికి రాజు త్యాగమే గుర్తుండిపోతుంది. కాని అందులో మరొక నీతి కూడా దాగి ఉన్నది. ఒక చిన్న ప్రాణిని నిలబెట్టడానికి ఎంత ఖర్చవుతుందో కంటితో చూసి లెక్క వేసినవాడు తప్పక పొరబడతాడు.

అటువంటి త్రాసు ఒకటి నేటికీ హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపంలో వ్రేలాడుతూనే ఉన్నది. ఒక తట్టలో మూడు వందల గ్రాముల బరువైన గులాబీ వన్నె పావురం. రెండవ తట్టలో దాదాపు యాభై ఏళ్ళ మానవ శ్రమ. 1990లో అడవిలో మిగిలిన ఆ పావురాలు పదికి అటూ ఇటూ మాత్రమే. నేడు అవి కొన్ని వందలు. 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఆ జాతిని మరింత తక్కువ ప్రమాదం గల శ్రేణికి మార్చింది. ఈ వార్త చదివినవారికి త్రాసు సరితూగిందనీ, ఇక పని ముగిసిందనీ అనిపించడం సహజం. కాని పని ముగియలేదు. ముగిసిందని నమ్మడమే ఇప్పుడు ఆ పక్షికి ఎదురైన ప్రమాదాల్లో పెద్దది.

వన్నె, వర్తన

శాస్త్రజ్ఞులు నెసీనాస్ మేయెరి అని పిలిచే ఈ పక్షి మారిషస్‌లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా జీవించదు. ముక్కు కొన నుంచి తోక కొన వరకు సుమారు ముప్పై ఆరు సెంటీమీటర్లు. తల, మెడ, రొమ్ము లేత గులాబీ రంగు. ఎండ పడినప్పుడు అప్పుడే విచ్చిన కెందామర రేకులను తలపిస్తాయి. రెక్కలు ముదురు గోధుమ వన్నె. తోక ఇటుక ఎరుపు. కాళ్ళు కూడా గులాబీ రంగే. ఆలయ గోపురాల మీదా, ధాన్యపు కొట్ల ముందూ గుంపులుగా వాలే బూడిదరంగు పావురాలనే చూసిన కన్నులకు ఇది ఎవరో కుంచెతో తీర్చి దిద్దిన బొమ్మ వలె తోస్తుంది.

ద్వీపవాసులు ఫ్రెంచి భాషలో దీనిని 'పిజియాఁ దే మార్' అన్నారు. నీటి మడుగుల పావురమని ఆ మాటకు అర్థం. దీని మాంసం తిన్నవారికి మత్తు కమ్ముతుందని పూర్వకాలపు వ్రాతలలో కనిపిస్తుంది. ఏదో అడవి కాయ తినడం వల్ల ఆ గుణం వచ్చిందని నాటివారి నమ్మకం. అది నిజమైనా కాకపోయినా, ఆ నమ్మకం కొంతకాలం దీనికి కవచమై ఉంటుంది.

ఈ పావురం ఆకులు, మొగ్గలు, పువ్వులు, కాయలు, గింజలు తిని జీవిస్తుంది. చెట్టు కొమ్మల మీద నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చి పలుచని గూడు కడుతుంది. సాధారణంగా రెండు తెల్లని గ్రుడ్లు పెడుతుంది. సుమారు రెండు వారాలు పొదగాలి. పగటి పూట మగపక్షి, సాయంకాలం నుంచి మరునాటి ఉదయం వరకు ఆడపక్షి వంతులవారీగా గ్రుడ్ల మీద కూర్చుంటాయి. పిల్లలు పుట్టిన తొలి రోజులలో తల్లిదండ్రులిద్దరూ తమ గొంతు క్రింది సంచిలో ఊరే చిక్కని ద్రవంతో వాటిని పోషిస్తారు. దీనికే పావురపు పాలని పేరు. పాలిచ్చే తండ్రి ఉన్న కుటుంబం ప్రాణికోటిలో చాలా అరుదు; పావురాలది అటువంటి కుటుంబం. గువ్వల జంటను అన్యోన్య దాంపత్యానికి ఉపమానంగా చెప్పే తెలుగువారి వాడుక ఊరికే పుట్టలేదు.

ఓడల వెంట వచ్చిన ఆపద

ఇంత ముచ్చటైన పక్షి ఎందుకు అంతరించే స్థితికి వచ్చిందో తెలియాలంటే దాని బంధువర్గం కథ కూడా చెప్పాలి. మారిషస్ పేరు చెప్పగానే ప్రపంచానికి గుర్తు వచ్చేది డోడో. ఆ దేశపు రాజచిహ్నంలో కూడా డోడోకు స్థానం ఉన్నది. ఎగరలేని, బాతు కంటె భారీగా పెరిగిన ఆ వింత పక్షి నిజానికి పావురపు జాతిదే. దాని అవశేషాల నుంచి సేకరించిన జన్యు పదార్థాన్ని 2002లో పరీక్షించగా, నేడు బ్రతికి ఉన్నవాటిలో దానికి అతి దగ్గరి బంధువు నికోబార్ పావురమని తేలింది. పచ్చ, నీలం, రాగి వన్నెలు కలిసి మెరిసే ఆ పావురం తెలుగు కుటుంబాలెన్నో స్థిరపడిన అండమాన్ నికోబార్ దీవులలో కూడా ఉంటుంది. డోడోకు భారతదేశంతో మరొక సంబంధం కూడా ఉన్నది. 1625 ప్రాంతంలో మొగలాయి చిత్రకారుడు మన్సూర్ వేశాడని చెప్పే డోడో బొమ్మ ఒకటి నేటికీ రష్యాలో భద్రంగా ఉన్నది. సజీవమైన డోడోను చూసి రంగులలో వేసిన కొద్దిపాటి చిత్రాలలో అది ఎన్నదగినది.

1598లో డచ్చివారు ఆ ద్వీపంలో దిగారు. తరువాత నూరేళ్ళు నిండకుండానే డోడో మాయమైంది. దానిని చివరిసారి చూసినట్లు తరచుగా ఉదహరించే సంవత్సరం 1662. ఆ తరువాత ఫ్రెంచివారు, 1810లో బ్రిటిష్‌వారు వచ్చారు. నీలం, తెలుపు, ఎరుపు వన్నెలతో ఉండే మారిషస్ నీలి పావురం 1830 దశకం దాటి బ్రతకలేదు. ఈ మారణహోమం నడుమ గులాబీ పావురం ఎలాగో లోపలి అడవులలో తల దాచుకున్నది. 1843లో ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రీయ నామకరణం చేసేనాటికే దాని ఇల్లు కూలిపోతున్నది.

ఆ ఇంటిని కూల్చినది చెరకు. ద్వీపంలోని నల్లచేవ చెట్లను మొదట కలప కోసం నరికారు. తరువాత నేలనంతా చెరకు తోటలుగా మార్చారు. బానిసత్వం రద్దయిన తరువాత, 1834 నుంచి, భారతదేశపు రేవుల నుంచి ఒప్పంద కూలీలను ఓడల మీద తీసుకువెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్ళిన తెలుగువారు వారిలో ఉన్నారు. మారిషస్‌లో తెలుగువారిని చాలాకాలం 'కోరంగి'వారనే పిలిచారు. వారు అడవులు నరకాలని ఆజ్ఞాపించినవారు కారు. ఆ లాభం అనుభవించినవారూ కారు. ఎండలో ఒళ్ళు వంచి, దొరల కొరడా దెబ్బలు తిని, భాషను, రామభజనను, ఉగాది పచ్చడిని కాపాడుకున్న అభాగ్యులు. ఉగాది నేడు ఆ దేశంలో జాతీయ సెలవు దినం కావడం వెనుక వారి కష్టం ఉన్నది. అయితే వారి చెమట తడిపిన ఆ చెరకు నేల ఒకప్పుడు ఈ పావురపు అడవి అన్న సంగతి కూడా చరిత్రలో భాగమే. తాతల కష్టాన్ని గర్వంగా స్మరించే మనుమలు ఆ నేల పూర్వకథను కూడా తెలుసుకోవడం ధర్మం. ఇది నేరారోపణ కాదు, వారసత్వపు లెక్క. ఆస్తి పంచుకున్నవారు దాని మీది ఋణాన్ని కూడా ఎరిగి ఉండాలి కదా!

ఓడలతో మనుషులు ఒక్కరే రాలేదు. ఎలుకలు వచ్చాయి. ఆగ్నేయ ఆసియా అడవుల కోతులు వచ్చాయి. పిల్లులు వచ్చి అడవి పట్టాయి. ఎలుకలను చంపుతాయని 1900 ప్రాంతంలో భారతదేశపు ముంగిసలను తెచ్చి విడిచారు. అవి ఎలుకలతో సరిపెట్టుకోలేదు. ఎలుకలూ కోతులూ గ్రుడ్లను దోచుకుంటే, పిల్లులూ ముంగిసలూ నేల మీద మేత ఏరుకునే పెద్ద పక్షులనే పట్టుకున్నాయి. పేరుకు చైనా జామ అయినా బ్రెజిల్‌లో పుట్టిన ఒక జామ జాతి అడవి నిండా అల్లుకుని స్థానిక మొక్కలను మొలకెత్తనీయకుండా చేసింది. పరాయి గువ్వలు తెచ్చిన ఒక సూక్ష్మజీవి గులాబీ పావురపు పిల్లల గొంతులో పుండ్లు పుట్టించి చంపసాగింది. మంచి స్థితిలో మిగిలిన స్థానిక అరణ్యం నేడు ఆ ద్వీపంలో నూటికి రెండు వంతులు కూడా లేదు.

పది పక్షుల నాటి మాట

1970 దశకంలో ఈ పావురాలు గూళ్ళు కట్టుకున్న చోటు ముఖ్యంగా ఒక చిన్న తోపు. అది కూడా స్థానిక వృక్షాల తోపు కాదు. జపాను నుంచి తెచ్చి నాటిన ఒక రకం దేవదారు చెట్లు. వాటి ఆకులు ముళ్ళవలె గుచ్చుకోవడం వల్ల కోతులూ ఎలుకలూ ఎక్కడానికి జంకేవి. సొంత అడవి పోయిన పక్షి పరాయి చెట్టు ముళ్ళ చాటున ప్రాణాలు దక్కించుకున్నదన్నమాట.

1976లో ఆంగ్ల రచయిత, జంతు ప్రేమికుడు జెరాల్డ్ డరెల్ మారిషస్ వచ్చాడు. ఇంగ్లీషు కాలువలోని జెర్సీ ద్వీపంలో అపాయంలో ఉన్న జంతువులను పెంచే సంస్థను స్థాపించినవాడు ఆయన. కొన్ని పావురాలను పట్టి, మారిషస్‌లోని బ్లాక్ రివర్‌లోనూ, జెర్సీలోనూ పంజరాలలో పెంచడం మొదలుపెట్టారు. 1979లో వేల్స్ దేశానికి చెందిన యువ జీవశాస్త్రజ్ఞుడు కార్ల్ జోన్స్ ఆ బాధ్యత తీసుకున్నాడు. గులాబీ పావురాల గ్రుడ్లను పెంపుడు గువ్వల క్రింద పెట్టి పొదిగించారు. దేవకి కొడుకును యశోద పెంచినట్లు ఆ గువ్వలు పరాయి పిల్లలను సాకాయి. 1987 నుంచి పిల్లలను అడవిలో విడవసాగారు. విడిచి ఊరుకోలేదు. అడవిలో మేత పళ్ళాలు అమర్చారు. ఎలుకలకు బోనులు పెట్టారు. జామ పొదలు పెకలించారు. ప్రతి పక్షి కాలికి రంగు కడియాలు తొడిగి దాని చరిత్ర వ్రాశారు.

1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగాయి. సముద్రాలు దాటిన తెలుగు నిలుస్తుందా, నశిస్తుందా అని పండితులు తర్కించిన కాలమది. సరిగ్గా అదే సంవత్సరంలో, అదే ద్వీపపు కొండలలో, ఒక జీవజాతికి అడవిలో దాదాపు పది పక్షులే మిగిలి ఉన్నాయి.

1994లో బ్లాక్ రివర్ లోయల అడవిని జాతీయ వనంగా ప్రకటించారు. మేబూర్ పట్టణం దగ్గర, తీరానికి ఒక కిలోమీటరు లోపున, ఇరవై ఆరు హెక్టార్ల పగడపు దీవి ఒకటి ఉన్నది. ఫ్రెంచిలో దాని పేరుకు కొంగల దీవి అని అర్థం. ఆ దీవిలో ఎలుకలనూ పిల్లులనూ నిర్మూలించి, స్థానిక నల్లచేవ అడవిని తిరిగి పెంచి, అక్కడ కూడా పావురాలను వదిలారు. పది వందలయ్యాయి. ఆధునిక విజ్ఞానం గర్వించదగిన ఘట్టాలలో ఇది ఒకటి.

శిబి కథలోని డేగ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మారిషస్‌లో కెస్ట్రెల్ అనే చిన్న డేగ ఉన్నది. 1974లో ప్రపంచం మొత్తానికి తెలిసిన ఆ డేగలు నాలుగే. పావురాన్ని రక్షించిన చేతులే ఆ డేగనూ రక్షించాయి. పావురం ప్రాణమూ నిలవాలి, డేగ ఆకలీ తీరాలి అన్న శిబి సంకల్పం పురాణంలో దేవతలు పెట్టిన పరీక్ష. మారిషస్‌లో అది నిత్యకృత్యమైన ఉద్యోగ ధర్మం.

అంకె చెప్పని సంగతి

ఇక్కడితో కథ కంచికి చేరితే ఎంత బాగుండును! కాని ఆ డేగ విషయంలో తరువాత జరిగినది గమనించాలి. దాని సంఖ్య వందలకు పెరగగానే ప్రమాదం తగ్గినట్లు 1994లో ప్రకటించారు. ఆ దశకంలోనే దానికోసం చేసే ప్రత్యేక శ్రమ సన్నగిల్లింది. సంఖ్య మళ్ళీ తగ్గుముఖం పట్టింది. 2014లో దానిని తిరిగి తీవ్ర ప్రమాద శ్రేణిలో చేర్చవలసి వచ్చింది. రోగి లేచి కూర్చున్నాడని మందు మానిపించిన ఇంటిలో జరిగేదే అక్కడా జరిగింది.

గులాబీ పావురానికి మరొక బాధ తోడైంది. అది పైకి కనబడేది కాదు. నేడున్న వందల పక్షులూ వేళ్ళ మీద లెక్కించదగిన కొన్ని పక్షుల సంతానం. అంటే అవన్నీ ఒకదానికొకటి దగ్గరి బంధువులే. తెలుగు కుటుంబాలకు ఈ విషయం వివరించడం కష్టం కాదు. మేనరికపు పెండ్లిండ్లు తరతరాలుగా సాగిన వంశాలలో కొన్ని వంశపారంపర్య రుగ్మతలు ఎక్కువగా బయటపడతాయని వైద్యులు చెబుతూనే ఉన్నారు. ప్రతి ప్రాణిలోనూ కొన్ని జన్యు లోపాలు నిద్రాణంగా ఉంటాయి. ఒకే లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా సంక్రమించినప్పుడే అది మేల్కొంటుంది. దూరపు సంబంధాలలో అలా జరిగే అవకాశం తక్కువ. రక్త సంబంధాలలో ఎక్కువ. గులాబీ పావురాలకు దూరపు సంబంధాలే లేవు. ఫలితంగా గ్రుడ్లు పొదగకపోవడం, పిల్లలు పెరగకుండానే చనిపోవడం ఎక్కువైంది.

ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, ఇతరులు కలిసి 2022లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉన్నది. అడవి పక్షుల జన్యు పదార్థాన్నీ, విదేశాలలో పంజరాలలో పెరుగుతున్న పక్షుల జన్యు పదార్థాన్నీ వారు పోల్చి చూశారు. తేలిన సంగతి విస్మయం కలిగిస్తుంది. పక్షుల సంఖ్య పెరుగుతున్న కాలంలోనే వాటి జన్యు వైవిధ్యం తరుగుతూ వచ్చింది. ఇదే తీరు సాగితే యాభై నుంచి నూరు సంవత్సరాలలో ఆ జాతి అడవిలో అంతరించిపోవచ్చునని కంప్యూటరు గణనలు సూచించాయి. నీరు పోసిన కుండ పైకి నిండుగానే ఉన్నది. అడుగున సన్నని పగులు ఉన్నది. నిండుదనాన్ని చూసి మురిసేవారికి పగులు కనబడదు.

ప్రవాస పక్షులు

అయితే ఆ పరిశోధనే ఒక దారి కూడా చూపింది. జెర్సీలోనూ, ఇంగ్లండులోనూ పెరుగుతున్న పావురాలలో, సొంత ద్వీపంలో ఇప్పటికే నశించిపోయిన జన్యు వైవిధ్యం కొంత మిగిలి ఉన్నది. 1970, 80 దశకాలలో ద్వీపం విడిచి వెళ్ళిన పక్షుల వారసులు, తమకు తెలియకుండానే, పుట్టింటి సొమ్ములో కొంత మూటగట్టుకుని ఉన్నాయన్నమాట. వాటి సంతానాన్ని మారిషస్ అడవిలోని పక్షులతో కలిపితే తరిగిన వైవిధ్యం కొంతైనా తిరిగి చేరుతుంది.

దీనికోసం పెంపకందారులు ప్రతి పక్షికీ వంశవృక్షం వ్రాసి ఉంచుతారు. ఏ పక్షికి ఏ పక్షిని జత చేయాలో దానిని చూసి నిర్ణయిస్తారు. ప్రవర చెప్పి, గోత్రాలు విడివిడిగా ఉన్నాయని నిశ్చయించుకున్న తరువాతనే సంబంధం ఖాయం చేసే తెలుగు పెద్దల పద్ధతి ఇక్కడ పక్షులకు వర్తిస్తున్నది.

ఈ పోలిక ప్రవాసాంధ్రుల మనసుకు మరొక విధంగా కూడా తగులుతుంది. దూర దేశాలలో స్థిరపడిన కుటుంబాలలో అమ్మమ్మల కాలపు మాటలు, పాటలు, వంటలు కొన్ని అలాగే నిలిచి ఉంటాయి. సొంత గడ్డ మీద అవి ఈలోపల మారిపోతాయి, మరుగున పడతాయి. ప్రవాసంలో మిగిలిన దానిని పాతకాలపు వాసన అని తేలికగా కొట్టివేసేవారు ఉన్నారు. ఏది ఎప్పుడు అవసరమవుతుందో ఎవరికి తెలుసు? పుట్టింటి నుంచి దూరమైన శాఖ ఒక్కొక్కసారి పుట్టింటినే నిలబెడుతుంది.

పోలికను అంతకు మించి సాగదీయరాదు. పక్షిని తిరిగి పంపడం అంటే విమానం టిక్కెట్టు కొన్నంత సులభం కాదు. దానితో క్రొత్త రోగం ద్వీపంలో అడుగు పెట్టకుండా నెలల తరబడి విడిగా ఉంచి పరీక్షించాలి. పంజరంలో పుట్టిన పక్షికి అడవిలో బ్రతకడం నేర్పాలి. ఇదంతా నిలకడగా దశాబ్దాలపాటు సాగాలి. పత్రికలలో ఫోటో పడే పని కాదిది. పడనందువల్లనే ఆగిపోయే ప్రమాదం ఉన్న పని.

ఆక్షేపణలు, సమాధానాలు

ఇందుకు రెండు ఆక్షేపణలు వినవస్తాయి. రెండూ తేలికగా తోసివేయదగినవి కావు.

మొదటిది: జీవజాతులు పుట్టడం, గిట్టడం సృష్టి ధర్మం, ఒక పావురం పోతే పోనీ అని. సృష్టిలో జాతులు అంతరించడం నిజమే. కాని డోడోను పిడుగు చంపలేదు. గులాబీ పావురపు అడవిని ప్రకృతి నరకలేదు. ఎలుక, కోతి, పిల్లి, ముంగిస, జామ అన్నీ ఓడల మీద వచ్చినవే. మనిషి చేతితో జరిగిన హానికి సృష్టి ధర్మమని పేరు పెట్టడం న్యాయం కాదు.

రెండవది: పేదల ఆకలి తీరకుండా పక్షులకు ఖర్చా అని. ఈ ప్రశ్న అడిగేవారి హృదయం మంచిదే. అయితే పావురం కోసం చేసే పనులను చూడాలి. ఎలుకలను అదుపు చేయడం, పరాయి పొదలను పెకలించి స్థానిక వృక్షాలను నాటడం, కొండల మీది అడవిని నిలపడం. ద్వీపంలో వాన నీటిని పట్టి వాగులకు అందించేది ఆ కొండ అడవే. పావురం ఆ అడవికి కావలి ఉన్న దీపం వంటిది. దీపం వెలుగుతున్నంత కాలం ఇల్లు నిలిచి ఉన్నట్లు లెక్క.

2020 జూలైలో వాకాషియో అనే జపాను ఓడ మారిషస్ ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బను ఢీకొన్నది. ఆగస్టులో దాదాపు వెయ్యి టన్నుల నూనె సముద్రంలోకి కారింది. కొంగల దీవి దాని దారిలోనే ఉన్నది. ప్రజలు ఎవరి పిలుపుకోసమూ ఎదురు చూడలేదు. చెరకు ఆకులను, పిప్పిని గోతాలలో కుట్టి, నీటి మీద తేలే కట్టలు కట్టి, నూనెను అడ్డుకోవడానికి పూనుకున్నారు. జుట్టు కత్తిరించి ఇచ్చినవారు కూడా ఉన్నారు. ఏ చెరకు కోసం ఆ అడవి నరకబడిందో, ఆ చెరకు ఆకే ఆ తీరానికి కట్టుగా నిలిచింది. పక్షులకు ఖర్చెందుకని అడిగేవారికి ఆ తీర ప్రజలు చేతలతో ఇచ్చిన సమాధానం అది. తమ ఇల్లూ, పక్షి ఇల్లూ ఒకటేనని వారు గ్రహించారు.

ప్రవాసాంధ్రులు చేయదగినది

మారిషస్ చూడబోయిన తెలుగు కుటుంబాలు తరచుగా డోడో బొమ్మలు కొనుక్కుని తిరిగి వస్తాయి. చనిపోయినవారికి శ్రాద్ధం పెట్టడం మంచిదే. మంచం మీద ఉన్నవారికి మందు ఇవ్వడం అంతకంటె మంచిది. కొంగల దీవిని మార్గదర్శకుల వెంట వెళ్ళి చూసే సదుపాయం ఉన్నది. సముద్ర తీరపు విలాసాలలో ఒక పూట తగ్గించుకుని పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళడం కష్టమేమీ కాదు. ఆ ప్రవేశ రుసుము కూడా రక్షణ పనికి ఉపకరిస్తుంది. అంత దూరం వెళ్ళలేనివారికి బ్రిటన్, అమెరికాలలోని కొన్ని జంతు ప్రదర్శనశాలల్లో ఈ పావురాలు కనిపిస్తాయి. ఏనుగు, పులి బోనుల వద్ద ఆగే పిల్లలను ఆ చిన్న పంజరం వద్ద కూడా రెండు నిమిషాలు ఆపి, అది ఎక్కడి పక్షో, ఇక్కడ ఎందుకు ఉన్నదో చెప్పవచ్చు.

తెలుగు నేల మీద కూడా ఇటువంటి కథ ఒకటి ఉన్నది. కలివికోడి అనే పక్షి 1900 నుంచి ఎవరి కంటికీ కనిపించక, అంతరించిందని అందరూ అనుకున్న తరువాత, 1986లో కడప జిల్లాలోని పొదల అడవిలో తిరిగి కనిపించింది. దానిని కనుగొనడంలో స్థానికులైన వేటగాళ్ళ పరిజ్ఞానమే శాస్త్రజ్ఞులకు తోడ్పడింది. దాని కోసం లంకమల అభయారణ్యం ఏర్పడింది. డోడో పేరు తెలిసిన ప్రవాసాంధ్ర బాలబాలికలలో కలివికోడి పేరు విన్నవారెందరు? పిల్లలకు తెలుగు నేర్పే ఆదివారపు బడులలో 'ప' అంటే పలక, 'క' అంటే కలం అని నేర్పడంతోపాటు, 'ప' అంటే పావురమనీ, 'క' అంటే కలివికోడి అనీ నేర్పితే అక్షరంతోపాటు ఒక ప్రాణి కూడా వారి మనసులో చోటు చేసుకుంటుంది. పేరు తెలియని దానిని కాపాడాలని ఎవరికీ తోచదు.

గులాబీ పావురాన్ని రక్షించేవారికి కావలసినది చప్పట్లు కాదు. ఓపిక, ధనం, తరువాతి తరం. ఇప్పుడు చేయి తీసేస్తే డేగకు జరిగినదే పావురానికీ జరుగుతుంది. ఈసారి లోపల ఉన్న జన్యు లోపం వల్ల కోలుకోవడం మరింత కష్టమవుతుంది. ప్రభుత్వాలు, దాతలు, పర్యాటకులు, ఆ దేశంలో నాలుగైదు తరాలుగా వేళ్ళూనుకున్న తెలుగు సంతతి, అందరూ గుర్తుంచుకోవలసిన విషయమిది.

పురాణంలో శిబి చక్రవర్తి త్రాసు ఒక్క పూటలో తేలింది. ఆయన తట్టలో కూర్చోగానే దేవతలు ప్రత్యక్షమై, దేహాన్ని తిరిగి ఇచ్చి, పూలవాన కురిపించారు. మారిషస్ కొండలలో అటువంటి పూలవాన కురవదు. అక్కడ తెల్లవారగానే ఎవరో ఒక యువకుడు గింజల సంచి భుజాన వేసుకుని అడవి దారి పడతాడు. మేత పళ్ళెం నింపుతాడు. ఎలుకల బోను సరిచూస్తాడు. చెట్టు కొమ్మ మీద వాలిన పక్షి కాలి కడియం రంగు చూసి పుస్తకంలో వ్రాసుకుంటాడు. మరునాడు మళ్ళీ వస్తాడు. ఆ రాక ఆగనంత వరకే ఆ తట్ట నిలబడి ఉంటుంది.